నాన్నకు తప్పిపోయిన ఏడాది

మా అమ్మాయి ఉద్యోగం బెంగుళూరులో, అబ్బాయి చదువు వరంగల్లులో, మేమిద్దరం హైదరాబాదులో. పోయిన దసరా సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి, "అమ్మా, ఇక ఎవరెప్పుడు ఎక్కడ అని ఫోన్లు చేసుకోనక్కర్లేదు. అందరికీ కలిపి ఒకటే ఆన్‌లైన్ క్యాలెండర్ పెట్టేశాను" అంది. నా ఫోన్లో చూద్దును కదా, తలా ఒక రంగు! మురిసిపోతూ జనవరి దాకా జరిపాను. మర్పల్లిలో ఉన్న మా నాన్న పుట్టినరోజు కనబడింది. 17 జనవరి 1944.

"ఇది తప్పే" అన్నాను.

"తాతయ్య సర్టిఫికెట్లో అలాగే ఉందమ్మా!"

ఉంటుంది. ఆ తప్పుకు డెబ్బై ఏళ్లు దాటాయి. దాని కథ వినండి.

గూగుల్ క్యాలెండర్ పుట్టింది 2006లో. కాని పదిమందీ ఒకరి కాలాన్ని ఒకరు పంచుకోవడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. నిజాం రోజుల్లో మర్పల్లిలాంటి ఊళ్లో ఒకేసారి నాలుగు క్యాలెండర్లు నడిచేవి. పెళ్లికీ పండుగకీ పంతులుగారి పంచాంగం. రంజాన్‌కూ పీర్ల పండుగకూ హిజ్రీ. రైలుకు ఇంగ్లీషు తారీఖు. శిస్తుకూ, కచేరీ కాగితాలకూ ఫసలీ. ఈ నాలుగూ తెలియని వాళ్లకు వారం వారం జరిగే అంగడి ఉండనే ఉంది.

ఈ ఫసలీ ఏమిటంటారా? ఫసల్ అంటే పంట. హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి పట్టి నడుస్తుంది, రమారమి 354 రోజులే. అంటే ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పంట మాత్రం సూర్యుణ్ణి నమ్ముకున్నది. చేను కోయకముందే శిస్తు కట్టమంటే రైతు ఎక్కణ్ణించి తెస్తాడు? అందుకే అక్బరు కాలంలో పంటను బట్టి ఈ లెక్క పెట్టారు. షాజహాను దాన్ని 1636లో దక్కనుకు తెచ్చాడు. అప్పుడు హిజ్రీ 1046. ఆ రెంటికీ తేడా 590. అందుకే మనవైపు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ కొత్త సంవత్సరం ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కనుక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి. జనవరి వచ్చిందంటే 591!

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తరవాత నాన్నను బళ్లో వేశారు. తాతయ్య ఖాతా పుస్తకం పట్టుకెళ్లి, "1354 ఫసలీ, సంక్రాంతి వెళ్లిన మూడోనాడు" అని చెప్పాడట. రిజిస్టరు రాసే ఆయన 590 కలిపి 1944 అని రాసేశారు. ఎవరికీ అనుమానం రాలేదు.

నాన్న సర్కారు ఉద్యోగం చేశారు. అప్పట్లో యాభై ఎనిమిదికి రిటైర్మెంటు. 2002 జనవరి చివర దండలు వేసి పంపించారు. ఆ సాయంత్రం ఇంటినిండా చుట్టాలు. మూల కూచున్న నానమ్మ ఉన్నట్టుండి, "గప్పుడే ఎట్ల దిగుతడు? వానికి యాబై ఏడే గదా! పెద్ద లడాయి బందైన ఏటి సంకురాత్రికి పుట్టిండు" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండో ప్రపంచయుద్ధం ఆగింది 1945లో. అటక మీది ఖాతా పుస్తకం దించి లెక్క చూశాం. ముసలామె మాటే రైటు. పన్నెండు నెలల జీతం గాల్లో కలిసిపోయింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నానమ్మా?" అన్నాను.

"నన్నెవరడిగిన్రు బిడ్డా?"

చెప్పొద్దూ, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఏ ఇంట్లోనైనా ఎవరెప్పుడు పుట్టారో, ఎవరికెప్పుడు జ్వరం వచ్చిందో గుర్తుండేది ఆడవాళ్లకే. తారీఖు వేసే కలం మాత్రం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది.

సరే, అమ్మాయి క్యాలెండరు దగ్గరికి వస్తాను. తప్పు దిద్దబోతే ఫోను ససేమిరా అంది. సంగతేమిటంటే, దాంట్లో కొందరికి చూసే హక్కు, కొందరికి దిద్దే హక్కు అని రెండు రకాలున్నాయట. నాకిచ్చింది చూసే హక్కు!

"నువ్వు పొరపాటున ఏదైనా చెరిపేస్తావేమోనని..." అని నసిగింది అమ్మాయి.

"మీ తాతయ్యకు ఏడాది జీతం పోయింది ఇందుకేనే" అని కథంతా చెప్పాను. మారు మాట్లాడకుండా దిద్దే హక్కు ఇచ్చింది. 1944 కొట్టేసి 1945 అని రాశాను.

ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"జీతం ఎట్లాగూ రాదు గాని, ఒక ఏడు చిన్నోణ్ణయితే అయిన గదా బిడ్డా! మీ నానమ్మ ఉంటే సంబరపడేది" అన్నారు.