నేరచరిత్ర పరిశీలన – వ్యసన విముక్తి సలహాదారులు: సమాజంపై పడే వ్యయం

ప్రస్తావన

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, గోకుల్ చాట్‌లోను బాంబులు పేలిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. ఆరేళ్లు తిరగకముందే, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, అదే ప్రాంతంలో రెండు బాంబులు పేలి పలువురు మరణించారు. ఆ సంవత్సరమే అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం వచ్చి, జనం గుమిగూడే సంస్థలలో సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. చదువుకు, కొలువుకు జిల్లాల నుంచి వచ్చినవారు హాస్టళ్లలోను, అద్దె గదులలోను తలదాచుకునే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాలలో ‘నీమీద కేసులున్నాయా?’ అన్న ప్రశ్న ఎవరికీ వింతగా తోచదు. అదే ప్రశ్నను వ్యసన విముక్తి కేంద్రంలో సలహాదారుగా చేరదలచిన వ్యక్తికి వేసినప్పుడు ఏర్పడే చిక్కును చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నమోదు పుస్తకాల వారసత్వం

వ్యక్తి గతాన్ని పోలీసు పుస్తకంలో భద్రపరచి, దానినిబట్టి అతని భవిష్యత్తును అంచనా కట్టే పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపు దాల్చి మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టువర్టుపురం ఆ చట్టం మిగిల్చిన గుర్తు. 1952లో చట్టం రద్దయింది. అయితే 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పోలీసు మాన్యువల్ 601వ ఉత్తర్వు కింద రౌడీషీట్లు కొనసాగాయి. తెగ పేరు ఉన్నచోట వ్యక్తి పేరు వచ్చిందే గాని తర్కం మారలేదు. 2009లో ఆమోదం పొందిన సీసీటీఎన్‌ఎస్ పథకంతో ఆ పుస్తకాలు కంప్యూటరులోకి చేరాయి. పూర్వం ఠాణా మూలన పాత కాగితాలకు చెదలు పట్టడం కూడా ఒక విధమైన క్షమాభిక్షే. ఇప్పుడు ఆ అవకాశం లేదు.

గతమే అర్హత అయిన వృత్తి

వ్యసన విముక్తి సలహా మిగిలిన వృత్తులవంటిది కాదు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ ఉద్యమానికి పునాది, తాగుడు మానినవాడే తాగేవానికి దారి చూపగలడన్న నమ్మకం. 1954లో మినెసోటా రాష్ట్ర ప్రభుత్వం మద్యవ్యసన సలహాదారు అనే ఉద్యోగాన్ని సృష్టించి, విల్మర్ ఆసుపత్రిలో కోలుకున్నవారిని నియమించింది. భారతదేశంలోనూ కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ నిధులతో నడిచే పునరావాస కేంద్రాల సిబ్బందిలో, ఒకప్పుడు మత్తుకు లోనై బయటపడినవారికి ‘పీర్ ఎడ్యుకేటర్’గా స్థానం ఉంది.

ఇక్కడే వైరుధ్యం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మాదకద్రవ్య సేవనమే నేరం. పదార్థాన్నిబట్టి ఆరు నెలలు లేదా ఏడాది వరకు జైలు, జరిమానా. 64ఎ సెక్షన్ చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల మెట్లెక్కిన గంజాయి కేసు యువకుడు, కేసు పడకముందే ఆసుపత్రి తలుపు తట్టిన అతని స్నేహితుడు, ఇద్దరూ ఒకే వ్యసనం నుంచి బయటపడవచ్చు. పదేళ్ల తరువాత ఒకడి పేరు మాత్రమే పరిశీలనలో తేలుతుంది. ఒక శాఖ అర్హతగా లెక్కించే అనుభవాన్ని మరో శాఖ మచ్చగా చూపుతుంది.

పరిశీలన అనవసరమని దీని అర్థం కాదు. చికిత్స పొందుతున్నవారు నిస్సహాయ స్థితిలో ఉంటారు. హింస, లైంగిక నేరం, మాదకద్రవ్య వ్యాపారం వంటి చరిత్ర ఉన్నవారిని దూరంగా ఉంచడం న్యాయమే. వడపోత ఈ నేరాలను, సొంత వినియోగపు కేసునూ ఒకే గాటన కట్టినప్పుడే నష్టం మొదలవుతుంది.

ఆ నష్టం ఎవరిది?

పోలీసు సిబ్బంది సమయం, ధ్రువపత్రం కోసం తిరిగే అభ్యర్థి పోగొట్టుకునే రోజుకూలి కంటికి కనిపించే ఖర్చు. కనిపించనిది పెద్దది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేవారు 180 మందిలో ఒక్కరు. ఇంత కొరతలో అనుభవజ్ఞుడైన సలహాదారు ఒక్కడు తగ్గినా, ఆ భారం తిరిగి కుటుంబాలమీద, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ వంటి ప్రభుత్వ ఆసుపత్రులమీద పడుతుంది.

సర్వోన్నత న్యాయస్థానం 2011లో సందీప్ కుమార్ కేసులో యౌవనపు తప్పిదాలను క్షమించే దృష్టిని సూచించింది. 2016లో అవతార్ సింగ్ కేసులో, నేరం స్వభావాన్ని, అభ్యర్థి చేరబోయే ఉద్యోగాన్ని చూసి నిర్ణయించాలని మార్గదర్శకాలిచ్చింది. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పలు రకాల సలహాదారులను తన పట్టికలో చేర్చింది. ఈ రెండు కేసులూ ప్రభుత్వోద్యోగ నియామకాలకు సంబంధించినవి. అద్దె భవనంలో, గ్రాంటు డబ్బుతో నడిచే చిన్న కేంద్రపు నిర్వాహకుడు దరఖాస్తు ముందు పెట్టుకున్నప్పుడు, 27వ సెక్షన్ కేసును అతడు సొంత భయాన్నిబట్టే తూచవలసి వస్తోంది.