స్టువర్టుపురపు పట్టీ

తెనాలి, బాపట్లలు దాటి చీరాలకు పోవు రైలుమార్గమున స్టువర్టుపురమను చిన్న స్టేషను కలదు. రేపల్లె మొదలు చీరాల వరకు ఆ పేరు ఎరుగనివారు లేరు. ఎరిగినవన్నియు దొంగల కథలే. ఆ కథలకు మునుపు ఉప్పు కథ యొకటి జరిగినది. సముద్రతీరపు ఉప్పును గాడిదలపై వేసికొని మెట్టసీమలకు పోయి ధాన్యమునకు మార్చుకొని వచ్చుట ఎరుకలవారి బహుకాలపు జీవిక. సర్కారు ఉప్పు చట్టములు బిగియుటతోడను, 1899లో మద్రాసు రైలు పూర్తియగుటతోడను, ఆ బిడారులకు పని లేకపోయెను. పనిలేక ఊరూర తిరుగువాడు పోలీసులకు అనుమానితుడే గదా!

ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మార్పుచెంది మద్రాసు రాజధానికిని ప్రాకెను. నేరము రుజువగుటకు ముందే జాతిని ప్రకటించి, పేర్లు పట్టీకెక్కించి, వ్రేలిముద్రలు గొని, నియమితవేళల హాజరు చెప్పించుట దాని పద్ధతి. మీసము మొలవని కుర్రవానికి ఒక్కమారు శిక్షపడెనా, వాని శేషజీవితమును 23వ సెక్షను ముందే లెక్కగట్టి యుంచినది: షెడ్యూలునందలి నేరమునకు రెండవమారు శిక్షపడిన ఏడేండ్లకు తగ్గని చెర, మూడవమారైన యావజ్జీవ ద్వీపాంతరవాసము, న్యాయాధిపతి ప్రత్యేకకారణము వ్రాసిననే సడలింపు. దొంగతనమునకు పొంచియున్నాడని కోర్టునకు తోచినను చాలును, 24వ సెక్షను క్రింద మూడేండ్లు పడవచ్చును. ఆరేండ్లు దాటి పదునెనిమిది నిండని బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో నుంచు అధికారము సైతము అందే కలదు. ఇదే మద్రాసు ప్రభుత్వము 1920లో దేశమునకెల్ల తొలుతగా బాలల చట్టము చేసి, పసివారిని పెద్దనేరస్థులతో కలుపరాదని శాసించుట విచిత్రము. ఆ దయ పట్టీలోని బిడ్డల గడప త్రొక్కినట్లు లేదు.

1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంఘమువారు పట్టీకెక్కిన ఎరుకలవారికై బాపట్ల చేరువ నెలకొల్పిన సెటిల్‌మెంటునకు, గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడగు సర్ హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టిరి. భూమి యిచ్చి సేద్యము నేర్పుట వారి సంకల్పము. ఇసుకనేల అందరి కడుపు నింపలేదు. పిమ్మట చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఈ జనమే కూలీలైరి. పాసు లేక పొలిమేర దాటరాని మనిషి కూలి చాలదని వేరొకచోటికి పోలేడు. ఇట్టి పనివారు దొరకుట యే కంపెనీకి చేదు? సంస్కారమను మాటకు ఇంతకంటె లాభసాటి అర్థము వేరొకటి నాకు కానరాదు.

మద్రాసులో 1947నను, దేశమంతట 1952 ఆగస్టు 31నను చట్టము రద్దయ్యెను. మద్రాసున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1962లోను అలవాటు నేరస్థుల చట్టములు వెలసి, జాతిని విడిచి వ్యక్తిని పట్టుకొనెను. చేయి మారినను పట్టు సడలలేదు. 1970లలో కవి జాషువా కుమార్తె హేమలతా లవణము భర్తతో గూడి ఆ యూరికి పోయి, నేరవృత్తి మానినవారికి అండగా నిలిచెను. తెలుగు సినిమా మాత్రము 1991 ఒక్కయేడే ఆ యూరిపేరిట రెండు చిత్రములు తీసి జనుల జ్ఞాపకమునకు పదును పెట్టినది.

2015 నాటి బాలన్యాయ చట్టపు 24వ సెక్షను సాధారణముగా బాల్యమున జరిగిన తప్పు పెద్దతనమున అనర్హత కారాదనియు, ఆ శిక్షాపత్రములు కొంతకాలమునకు నాశనము కావలెననియు చెప్పుచున్నది. జైలు మాన్యువళ్ళలో మాత్రము కొన్నింట పూర్వపు నేరస్థజాతులను అలవాటు నేరస్థులతో ముడిపెట్టు వాక్యములు నిలిచియే యుండెను. వానిని కొట్టివేయవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది 2024 అక్టోబరు 3న.