న్యాయస్థానంలో వాన లెక్క

1858 మే 7వ తేదీన అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం, బియర్డ్స్‌టౌన్ పట్టణంలో ఒక హత్యాభియోగం విచారణకు వచ్చింది. ముద్దాయి డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే యువకుడు. అతని పక్షాన నిలిచిన వకీలు అబ్రహాం లింకన్. అంతకు ముందు ఏడాది ఆగస్టు 29 రాత్రి, సుమారు పదకొండు గంటల వేళ, 150 అడుగుల దూరం నుండి వెన్నెల వెలుగులో ఆ కొట్లాటను కళ్ళారా చూచితినని ప్రధాన సాక్షి చెప్పాడు. లింకన్ ఆ మాటను అతనిచేత మళ్ళీ మళ్ళీ చెప్పించి, పిమ్మట పంచాంగం తెప్పించి జ్యూరీకి చూపాడు. ఆ వేళకు చంద్రుడు అస్తమయానికి సమీపించి ఉన్నాడు! ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఈ కథ చాలామంది ఎరిగినదే. కాని చంద్రుని స్థానాన్ని పంచాంగకర్త ఏడాది ముందే గణించగలడు. ఆ రాత్రి మబ్బు పట్టినదా, మంచు కురిసినదా, బాట మీద నీరు నిలిచినదా అన్నది ఏ గణితానికీ అందదు. ఆనాడు, ఆ చోట, ఒక మనిషి బయటికి వచ్చి చూచి వ్రాసిపెట్టి ఉండాలి.

అటువంటి మనుషులను అమెరికాలో కూడగట్టినవాడు స్మిత్సోనియన్ సంస్థ తొలి కార్యదర్శి జోసెఫ్ హెన్రీ. 1849 చివరికి 150 మంది స్వచ్ఛందంగా పరిశీలనలు పంపుతూ వచ్చారు. రైతులు, ఉపాధ్యాయులు, వైద్యులు, మతబోధకులు. జీతం లేని కొలువు. 1890 నాటి చట్టం వల్ల మరుసటి ఏడాది వాతావరణ శాఖ సైన్యం చేతినుండి పౌర ప్రభుత్వానికి మారినప్పుడు, ఈ ఔత్సాహికుల వ్యవస్థకు చట్టపు ఆధారం దొరికింది. (మన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాలను, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకొని మరీ నడిపి, నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ నమోదు చేశాడు. ఆయనను మనం ఇంతగా మరచిపోవడం నాకు చింత కలిగించే విషయం.)

వారి పరికరం సామాన్యమైనది. ఎనిమిది అంగుళాల వ్యాసం గల గరాటు, దాని కింద సన్నని గొట్టం. గొట్టపు వైశాల్యం గరాటు నోటిలో పదో వంతు గనుక అంగుళం వాన పది అంగుళాల ఎత్తున నిలుస్తుంది. పుల్ల ముంచి అంగుళంలో నూరో వంతు దాకా చదువుతారు. అంతకన్నా తక్కువ పడితే ‘టి’ అనే ఒక్క అక్షరం. జారిపడి నడుము విరిగిన మనిషి దావాలో ఆ ఒక్క అక్షరమే కీలకం కావచ్చు.

తాను వినని, చూడని మాట సాక్ష్యంగా చెల్లదన్నది సాధారణ నియమం. ప్రభుత్వ దస్త్రాలకు దానినుండి మినహాయింపు ఉన్నది. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో గల జాతీయ భాండాగారం ధ్రువీకరించిన నకలు ఇస్తే, వ్రాసినవాడు బోనెక్కవలసిన పని సాధారణంగా ఉండదు. మన 1872 సాక్ష్య చట్టపు 35వ సెక్షనులోనూ, దాని స్థానంలో 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఇటువంటి భావమే కనబడుతుంది. నా దృష్టిలో అసలు బలం మొహరులో లేదు. న్యూయార్క్ రాష్ట్రం బ్రిడ్జ్‌హాంప్టన్‌లో రిచర్డ్ హెండ్రిక్సన్ అనే రైతు 1930లో మొదలుపెట్టి ఎనభై ఏళ్ళకు పైగా, లక్షన్నరకు మించిన పరిశీలనలు వ్రాశాడు. 2016లో, 103వ ఏట కన్నుమూశాడు. ఏ ఉదయపు అంకె ఏ దావాలో ఎవరికి అక్కరకొస్తుందో ఆయనకు తెలియదు. తెలియనివాడు ఎవరి పక్షం వహిస్తాడు?

అయితే ఆ కాగితాన్ని చదవడం తెలియాలి. ఉదయం ఏడింటికి కొలిచేవాడు గడచిన 24 గంటల వానను ఆనాటి తేదీ కిందే వ్రాస్తాడు. మంగళవారం మధ్యాహ్నం కురిసిన వాన బుధవారం వరుసలో చేరుతుంది. ఈ సంగతి ఎరుగని వకీలు మంగళవారం ఎండ కాచిందని వాదించి నవ్వులపాలు కాగలడు. దూరం మరో చిక్కు. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము తడవని వానలు మన రైతులెరిగినవే. దావా గడప ముందరి మంచును గురించి, పుస్తకంలోని జవాబు అయిదు మైళ్ళ ఆవలి పెరటిది. ఆ ఎడాన్ని పూరించడానికి వాతావరణ నిపుణుణ్ణి పిలిపిస్తారు. ఆయన రాడారు చిత్రాలతో, చుట్టుపక్కల పరిశీలకుల అంకెలతో వచ్చి సాక్ష్యమిస్తాడు. నిపుణునికి ఫీజు ముడుతుంది. అంకె వ్రాసినవానికి మాత్రం దమ్మిడీ రాదు.