బంగారం ధరా, ఆక్సైడ్ పొరా

సినిమావాళ్లుండే కృష్ణానగర్ సందుల్లో మా డెంటల్ ల్యాబ్ పని పన్ను కట్టించుకున్నవాళ్లకి కనబడదు. వాళ్లకి తెలిసింది తెల్లటి క్యాప్. దాని లోపల అర మిల్లీమీటరు మందం కూడా లేని మెటల్ తొడుగు ఉంటుంది. మేం కోపింగ్ అంటాం. పైనున్న సెరామిక్‌ని, అంటే పింగాణీని, దానికి పట్టి ఉంచేది ఆక్సైడ్ పొర. బంగారం ధర పెరగడంతో ఆ పొరతో మా వ్యవహారం మారింది.

ఆ మెటల్ ఎందుకొచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కెళ్లాలి. 1930ల్లో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే డెంటిస్టు నటుల పళ్లకి పల్చటి పింగాణీ రేకులు అతికించేవాడు. కెమెరా ముందు మెరిసేవిగానీ వాటితో అన్నం తినలేరు. అప్పట్లో, నమిలినా నిలవాలంటే అడుగున మెటల్ ఉండాలి. అయితే ఫర్నేస్‌లోంచి తీశాక మెటల్ ఎక్కువ ముడుచుకుని పింగాణీ పగిలేది. 1962లో అమెరికాలో వైన్‌స్టైన్‌లు, కాట్జ్ తీసుకున్న పేటెంట్లతో ఆ చిక్కు వీడింది. పింగాణీ వ్యాకోచాన్ని బంగారు మిశ్రమానికి సరిపడేలా పెంచారు.

బంగారానికి ఆక్సైడ్ పట్టదు. అందుకని తగరం, ఇండియం, ఇనుము కాస్త కలిపి, కాల్చినప్పుడు పైకి తేలేలా చేసేవారు. లేని పొరని పుట్టించడమే అప్పటి పని. 1971లో అమెరికా డాలరుకి బంగారంతో ముడి తెంచింది. ధర ఎగబాకింది. ల్యాబ్‌లు నికెల్-క్రోమ్‌కి మళ్లాయి. దానికి ఆక్సైడ్ అడక్కుండానే, అతిగా వస్తుంది. మందమైతే సెరామిక్‌తో సహా ఊడొస్తుంది. ఇప్పుడు మా పని దాన్ని అదుపులో పెట్టడం.

అందుకే ఇంత తంతు. పోత పోసిన కోపింగ్‌ని స్టోన్‌తో ఒకే వైపుకి అరగదీస్తాం; అటూఇటూ గీస్తే మడతల్లో మురికి చిక్కి, కాల్చినప్పుడు బుడగలొస్తాయి. మూలలు గుండ్రంగా చేస్తాం. అల్యూమినియం ఆక్సైడ్‌తో శాండ్‌బ్లాస్ట్ చేసి, ఆవిరితో కడుగుతాం. ఆపైన వేలు తగలనివ్వం, చెమట జిడ్డు చాలు పాడవడానికి. కాల్చి, మెటల్ నలుపు కప్పేలా ఒపేక్ అనే పింగాణీ పూత వేస్తాం. కొన్ని నికెల్ మిశ్రమాల్లో బెరీలియం ఉండేది. పోత సాఫీగా పారేది, ఆక్సైడ్ పల్చగా ఉండేది. కానీ ఆ దుమ్ము పీల్చినవాడి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మాస్కు లేకుండా గ్రైండర్ ముందు కూర్చోవద్దని కుర్రాళ్లకి అందుకే చెప్తాను.

ఇప్పుడు జిర్కోనియా అనే సెరామిక్ వచ్చింది. అందులో మెటలే లేదు, చిగురు అంచున నల్లగీతా రాదు. క్లోజప్ పడే ముఖాలకి అదే కావాలి. జూనియర్ ఆర్టిస్టులు మాత్రం డాక్టరు దగ్గర ముందు ధరే అడుగుతారు, మెటల్ తొడుగున్న క్యాపే కట్టించుకుంటారు. బంగారాన్ని పక్కకి నెట్టిన ధరే మా శాండ్‌బ్లాస్టర్‌ని ఇంకా నడుపుతోంది.