ఉమ్మనీటి లోతు

కీసరవద్ద మునేటి నీటిమట్టమును కేంద్ర జలసంఘమువారు కొలుచుచుందురు. మట్టము తెలిసినంతమాత్రమున ఏటిలో ఎంత నీరు పారుచున్నదో తెలియదు. వెడల్పు, వేగము కూడ తెలియవలెను. నెలలు నిండుచున్న తల్లి గర్భములోని ఉమ్మనీటిని కొలుచుటలోను ఇట్టి చిక్కే కలదు.

పూర్వము కొలతలు లేవు. చేయి మాత్రమే ఆధారము. బిడ్డ తల క్రిందికున్నదా, ఎదురుకాళ్ళా, అడ్డము తిరిగినదా అని మంత్రసానులు పొట్ట తడిమి చెప్పెడివారు. ఈ తడుముటకు క్రమము నేర్పరచినవాడు జర్మనీ వైద్యుడు లియోపోల్డ్. 1894లో ష్పోర్లిన్‌తో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతిలో నాలుగు పట్టులున్నవి. గర్భాశయము పైభాగమున ఉన్నది తలయా, పిరుదులా? వీపు ఏ ప్రక్కనున్నది? క్రింద ఏమున్నది? అది కటిలోనికి ఎంత దిగినది? గట్టిగా, గుండ్రముగా ఉండి వ్రేళ్ళ మధ్య కదలునది తల, మెత్తనివి పిరుదులు. చేయి లోపల పెట్టి చూచుట తగ్గినకొలది సూతికాజ్వరము తగ్గునని ఆయన ఆశయము. కానిఖర్చు లేని ఈ పరీక్షను నర్సులు నేటికిని నేర్చుకొనుచున్నారు.

నీటి సంగతి అంత సులభము కాదు. 34 వారములనాటికి ఉమ్మనీరు సుమారు 800 మిల్లీలీటర్లుండి, నెలలు నిండిన పిమ్మట తగ్గును. ఇందులో అధికభాగము బిడ్డ మూత్రమే! మావి సరిగా పనిచేయనపుడు బిడ్డ రక్తము మెదడునకు ఎక్కువగా మళ్ళును, మూత్రపిండములకు తగ్గును, నీరు కొరతపడును. కావుననే వైద్యులకు దీనిపై అంత పట్టింపు. సూదితో ఉమ్మనీటిలో రంగు కలిపి, అది ఎంత పలుచనైనదో చూచినచో పరిమాణము తెలియును. కాని ప్రతి తల్లికి సూది గ్రుచ్చుట ఎట్లు?

1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు చెవికి వినబడని ధ్వనితరంగములతో గర్భమును తెరపై చూపిరి. లోహములలోని పగుళ్ళను వెదకుటకు వాడిన విద్యయే ఇది. తెరపై నీరు నల్లని మడుగులుగా కనబడును. 1984లో చాంబర్లిన్ బృందము మిక్కిలి లోతైన ఒక్క మడుగును నిలువుగా కొలిచినది. 2 సెంటీమీటర్ల వరకు కొరత, 8 మొదలు అధికము. 1987లో ఫీలన్ బృందము బొడ్డు గుర్తుగా పొట్టను నాలుగు భాగములు చేసి, నాలుగు మడుగుల లోతులను కూడినది. మొత్తము 5 దాటనిచో కొరత.

నాలుగు కొలతలు ఒక్కదానికన్న మేలని ఎవరికైనను తోచును. అది పొరపాటని తేలినది. 2008లో వెలువడిన సమీక్షలో, కూడిక పద్ధతివలన కొరత అని ముద్రపడిన తల్లులు, అందుకై ముందుగా నొప్పులు తెప్పింపబడినవారు పెరిగిరే గాని బిడ్డలకు అదనపు మేలు కనబడలేదు.

స్కానింగు కాగితముపై "5" అని చూచిన కీసర తల్లి, అది ఏ కొలతయో డాక్టరును అడుగవలెను. నాలుగు మడుగుల మొత్తమైనచో కొరత అంచు. ఒక్క మడుగు లోతైనచో నీరు చాలినంత ఉన్నట్లే.