చెరువుకట్ట: సాగునీటి నుంచి సాయంత్రపు నడక దాకా

చెరువుల పునరుద్ధరణకు తలపెట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలై పదేళ్లు దాటిన వేళ, ఆ పథకంలో మినీ ట్యాంక్‌బండ్‌లుగా మారిన మట్టికట్టల చరిత్రను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యంలో నెమరువేసుకోవడం సముచితం. కట్టను వెడల్పు చేసి, నడకదారి, దీపాలు, బతుకమ్మ ఘాట్ ఏర్పరచిన చెరువునే మినీ ట్యాంక్‌బండ్ అంటున్నారు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో వెలసిన హుస్సేన్‌సాగర్ కట్టకున్న వాడుకపేరే దీనికి మూలం.

ఈ నేల చరిత్ర గోదావరి ఒడ్డున శాతవాహనుల నాటి కోటిలింగాలతో మొదలై, పదో శతాబ్దంలో పంపకవిని ఆదరించిన వేములవాడ చాళుక్యుల మీదుగా, కాకతి రుద్రదేవుడు జయించిన పొలవాస నాయకులను, 18వ శతాబ్దపు జగిత్యాల కోటను దాటి నిజాం పాలన దాకా సాగింది. ఏలికలు మారినా, వాన నీటిని మట్టికట్టతో ఆపుకునే పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పద్ధతి పైకి కనిపించినంత తేలికైనది కాదు. నీటివైపు వాలుకు అలల కోత తగలకుండా రాళ్లు పేర్చేవారు. కట్ట అడుగు నుంచి పొలాలకు నీరు వదిలే దారిని తూము అని, నిండిన చెరువు కట్టను తెంచకుండా మిగులు నీటిని పంపించే రాతికట్టడాన్ని మత్తడి అని, నీరు పరుచుకునే భూమిని శిఖం అని పిలిచారు. ఆయకట్టులో ఏ మడికి ఎంత నీరందాలో చూసే నీరటి, కట్టను కాచే కట్టమైసమ్మ ఈ వ్యవస్థకు రెండు కాపలాలు.

అయితే కట్ట నిజంగా వెలిగేది బతుకమ్మ నాడే. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే పండుగ తొమ్మిదో రోజున సద్దులతో ముగుస్తుంది. వేములవాడలో మాత్రం ఏడో రోజునే సద్దులు జరుపుకోవడం ఆనవాయితీ. వానకాలం చివర చెరువు నిండి ఉండగా, చెలకల్లో గునుగు, తంగేడు విరగబూస్తాయి. రంగులద్దిన గునుగును, తంగేడును, బంతిని తాంబాళంలో వరుసలుగా పేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపి, ఆడపడుచులు పొద్దుగూకే వేళకు కట్ట చేరి, చప్పట్లతో వలయంగా తిరుగుతూ ఆడతారు. చీకటి పడ్డాక బతుకమ్మలను నీటిలో సాగనంపి, పసుపు గౌరమ్మను పుస్తెలకు అద్దుకుని, నువ్వులపొడి, మలీద, పెరుగన్నం పంచుకుంటారు. కట్ట విహారస్థలం కావడం కొత్త సంగతి కాదని, తరాలుగా స్త్రీలు దానిని తమ పండుగ వేదికగా చేసుకున్నారని ఈ దృశ్యమే చాటుతుంది. 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలను చాలావరకు సిరిసిల్ల మరమగ్గాలపై నేయడంతో, ఆ పట్టణానికి ఈ పండుగతో మరో ముడి పడింది.

ఆధునిక కాలంలో కథ ఇంత సాఫీగా లేదు. నర్మాల వద్ద ఎగువ మానేరు ప్రాజెక్టు, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అక్కడి నుంచి కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా సాగే కాకతీయ కాలువ వచ్చాక ఊరి చెరువు ప్రాధాన్యం తగ్గింది. శిఖం భూములు ఇళ్ల స్థలాలయ్యాయి. నీరటి కొలువు చాలాచోట్ల మాటకే మిగిలింది. 2021 సెప్టెంబరులో కుండపోత వానలకు సిరిసిల్ల కొత్తచెరువు పొంగి పట్టణ వీధులు నీట మునిగినప్పుడు, నీటికి దారి లేకపోతే కట్ట ఎంత అందంగా ఉన్నా ఊరికి రక్షణ లేదని తేటతెల్లమైంది. కట్టపై మరో దీపస్తంభం నిలిపే ముందు మత్తడి దిగువ వాగులో ఆక్రమణలను తొలగించడం, శిఖానికి హద్దురాళ్లు పాతడం జరగాలి. వచ్చే పెత్రమాసకు తాంబాళాలతో కట్టెక్కే ఆడపడుచులకు ముందుగా కావలసింది బతుకమ్మను సాగనంపేటంత నీరు.