రఫ్ టెర్రైన్ ఫోర్క్‌లిఫ్ట్: ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మనవాళ్ళలో చాలామంది గల్ఫ్ దేశాల్లోనూ, అమెరికా, బ్రిటన్‌లలోనూ నిర్మాణ రంగంలో ఇంజనీర్లుగా, సూపర్‌వైజర్లుగా, సేఫ్టీ ఆఫీసర్లుగా పనిచేస్తున్నారు. మన చేతికింద నడిచే యంత్రాల్లో క్రేన్ అంటే అందరికీ భయం ఉంటుంది. దానికి లిఫ్ట్ ప్లాన్ ఉంటుంది, పర్మిట్ ఉంటుంది, చుట్టూ పదిమంది నిలబడతారు. అదే రఫ్ టెర్రైన్ ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరకొచ్చేసరికి "ఒక్క ప్యాలెట్టే కదా, పెట్టేయ్" అంటాం. నేనూ ఒకప్పుడు అలా అన్నవాణ్ణే. అందుకే ఈ వ్యాసం.

ఏమిటీ యంత్రం?

గోడౌన్లలో తిరిగే చిన్న ఫోర్క్‌లిఫ్ట్ అందరూ చూసిందే. ఇసుకలో, కంకర మీద, ఎగుడుదిగుడు నేల మీద పనిచేయడానికి పెద్ద టైర్లతో తయారైనది రఫ్ టెర్రైన్ ఫోర్క్‌లిఫ్ట్. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నిటారుగా మాస్ట్ ఉన్నది. రెండోది ముందుకు సాగే బూమ్ ఉన్న టెలీహ్యాండ్లర్. బ్రిటన్‌కు చెందిన జేసీబీ 1977లో "లోడాల్" పేరుతో ఈ రెండో రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గల్ఫ్ సైట్లలో చాలామంది ఏ కంపెనీదైనా దీన్ని "మానిటూ" అనే పిలుస్తారు. సైట్లలో ఎక్కువగా కనిపించేది, ఎక్కువగా తప్పుగా వాడేది ఇదే కనుక ఇక్కడ దీని గురించే రాస్తున్నాను.

నాకు బుద్ధి వచ్చిన రోజు

సముద్రతీరానికి దగ్గరలో ఒక గల్ఫ్ సైట్. మూడో అంతస్తుకు బ్లాకులు ఎక్కించాలి. ఆపరేటర్ జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన నన్ను "సార్" అనేవాడు, నేను ఆయన్ను "అన్నా" అనేవాణ్ణి. స్టెబిలైజర్లు దించే ముందు కిందికి దిగి వచ్చి "సార్, నేల నమ్మెటట్టు లేదు, ఒక్కసారి చూస్తరా?" అన్నాడు. స్లాబ్ మీద మేస్త్రీలు ఖాళీగా కూర్చున్నారు, నాకు సాయంత్రం లోపు పని అయిపోవాలి. నేల పైకి గట్టిగానే కనిపించింది. "ఒక్క ప్యాలెట్టే కదా అన్నా, పెట్టేయ్" అన్నాను.

బ్లాకులు పైకి లేచాక ఎడమ స్టెబిలైజర్ పాదం నేలను పగలగొట్టుకుని లోపలికి దిగింది. యంత్రం పక్కకు ఒరిగింది. ఆయన కంగారుపడి బూమ్ దించేయలేదు. మెల్లగా వెనక్కి ముడిచాడు, లోడ్ దగ్గరకు వచ్చింది, ఆ తర్వాత దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి గదికి వెళ్ళి ఆ యంత్రం మాన్యువల్ మొదటిసారి తెరిచాను.

లోడ్ చార్ట్ ఎలా చదవాలి?

యంత్రం మీద "4 టన్నులు" అని రాసి ఉంటుంది. అది బూమ్ పూర్తిగా ముడిచి, లోడ్ దగ్గరగా ఉన్నప్పటి మాట. 17 మీటర్ల తరగతి యంత్రంలో బూమ్ పూర్తిగా ముందుకు చాచితే అదే 4 టన్నులు కొన్ని వందల కిలోలకు పడిపోతుంది. ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది. ఇక్కడ ఇరుసు స్థానంలో ముందు టైర్లు ఉంటాయి, పైకి లేచేవి వెనక టైర్లు.

క్యాబిన్‌లో ఉండే చార్టులో నిలువు గీత ఎత్తును, అడ్డు గీత లోడ్ ఎంత దూరం ముందుకు వెళ్తుందో చూపిస్తాయి. ఈ రెండూ కలిసే చోట ఉన్న అంకే అసలు సామర్థ్యం. చదివేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

1. చార్ట్ ఒక లోడ్ సెంటర్‌కు వేసి ఉంటుంది. సాధారణంగా అది ఫోర్కుల నిలువు ముఖం నుంచి 600 మిల్లీమీటర్లు, అమెరికాలో 24 అంగుళాలు. 1.2 మీటర్ల ప్యాలెట్‌కు ఇది సరిపోతుంది. 2.4 మీటర్ల షటరింగ్ షీట్లను పొడవుగా ఎత్తితే గురుత్వ కేంద్రం 1.2 మీటర్ల దగ్గరకు పోతుంది. అప్పుడు ఆ చార్ట్ పనికిరాదు.

2. స్టెబిలైజర్లు దించినప్పుడు ఒక చార్ట్, టైర్ల మీద నిలబడినప్పుడు వేరే చార్ట్.

3. బకెట్, జిబ్, మనుషులను ఎత్తే ప్లాట్‌ఫామ్, ఒక్కో అటాచ్‌మెంట్‌కు ఒక్కో చార్ట్ ఉంటుంది. ఆ యంత్రానికి, ఆ అటాచ్‌మెంట్‌కు కలిపి తయారీదారు ఇచ్చిన చార్ట్ లేకపోతే ఆ పని చేయకూడదు. ఫోర్కుకు నేరుగా స్లింగ్ తగిలించి వేలాడదీయడం మన సైట్లలో మామూలు అయిపోయింది కానీ అది పెద్ద తప్పు.

4. చార్ట్ మొత్తం యంత్రం లెవెల్‌గా ఉందనుకుని వేసింది. క్యాబిన్‌లో లెవెల్ చూపే బుడగ ఉన్నది అందుకే.

ఇంకో ముఖ్యమైన సంగతి. బూమ్ దించితే లోడ్ క్షేమంగా దగ్గరకు వస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. 14 మీటర్లు చాచిన బూమ్ 60 డిగ్రీల కోణంలో ఉంటే, దాని కీలు నుంచి కొస వరకు అడ్డంగా దూరం 7 మీటర్లు. అదే బూమ్ 30 డిగ్రీలకు దించితే దూరం 12.1 మీటర్లు! బరువు మారలేదు, కానీ యంత్రాన్ని ముందుకు తోసే బలం విపరీతంగా పెరిగింది. కాబట్టి ముందు ముడవాలి, తర్వాతే దించాలి. ఆ రోజు ఆ అన్న చేసింది ఇదే.

కొత్త యంత్రాల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో లోడ్ మొమెంట్ ఇండికేటర్ ఉంటుంది. మామూలుగా ఇది ముందుకు పడిపోయే ప్రమాదాన్ని కొలుస్తుంది, పక్కకు ఒరగడాన్ని కాదు. దీపం ఆకుపచ్చగా ఉందని ధైర్యపడకూడదు.

నేల సంగతి

అరేబియా తీరప్రాంతాల్లో "సబ్ఖా" అనే ఉప్పు నేలలు ఉంటాయి. భూగర్భ జలం పైపైనే ఉండి, ఆవిరయ్యాక మిగిలిన ఉప్పు పైన ఒక పెచ్చు కడుతుంది. ఎండలో సిమెంటులా గట్టిగా ఉంటుంది. తడి తగిలితే ఉప్పు కరిగి బలం పోతుంది. నేను మోసపోయింది దీని దగ్గరే. సబ్ఖా లేని చోట కొత్తగా పూడ్చిన ట్రెంచ్‌లు, మ్యాన్‌హోల్ మూతలు, సెప్టిక్ ట్యాంకులు, తవ్విన గోతి అంచులు ఇదే పని చేస్తాయి.

ఒక స్టెబిలైజర్ పాదం మీద 6 టన్నుల భారం పడిందనుకుందాం. పాదం 40 సెంటీమీటర్ల చతురస్రమైతే నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు 37.5 టన్నులు. దాని కింద ఒక మీటరు చతురస్రపు గట్టి పలక వేస్తే 6 టన్నులకు తగ్గుతుంది. ఒక పలక చేసే మేలు ఇది. పలక మాత్రం వంగనిది కావాలి, చిల్లిపడిన ప్లైవుడ్ ముక్క కాదు.

టైర్ల మీద నిలబడి ఎత్తినా ఇదే కథ. ఎడమ, కుడి టైర్ల మధ్య 2 మీటర్ల దూరం ఉన్న యంత్రంలో ఒక పక్క 5 సెంటీమీటర్లు దిగితే, 15 మీటర్ల ఎత్తున ఉన్న లోడ్ 37 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అందుకే టైర్లలో గాలి సరిగ్గా ఉండటం కూడా భద్రతలో భాగమే. ఫోమ్ నింపిన టైర్లతో వచ్చిన యంత్రానికి ఖర్చు తగ్గుతుందని గాలి టైర్లు వేయకూడదు. ఆ బరువును కూడా లెక్కలోకి తీసుకునే తయారీదారు చార్ట్ వేసి ఉంటాడు.

నడిపేటప్పుడు

లోడ్‌తో వెళ్ళేటప్పుడు బూమ్ పూర్తిగా ముడిచి, లోడ్ నేలకు దగ్గరగా ఉంచాలి. బూమ్ ఎత్తి ప్రయాణం చేయకూడదు. వాలు మీద లోడ్ ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి, వాలుకు అడ్డంగా తిరగకూడదు. ఫ్రేమ్ లెవెలింగ్ సౌకర్యం ఉంటే లోడ్ కింద ఉన్నప్పుడే సరిచేసుకోవాలి, పైకెత్తాక ముట్టుకోకూడదు.

చాలా టెలీహ్యాండ్లర్లలో క్యాబిన్ ఎడమవైపు, బూమ్ కుడివైపు ఉంటాయి. అందువల్ల కుడి పక్క, కుడి వెనక ఆపరేటర్‌కు సరిగా కనపడవు. అద్దాలు శుభ్రంగా ఉండాలి, ఒక బ్యాంక్స్‌మన్ ఉండాలి. అతను కనపడకపోతే ఆపరేటర్ ఆపేయాలి. విద్యుత్ తీగల విషయంలో అమెరికా నిర్మాణ నిబంధనల్లో 50 కిలోవోల్టుల వరకు పాటించే దూరం 10 అడుగులు. వోల్టేజీ పెరిగితే దూరమూ పెరుగుతుంది.

సీట్ బెల్ట్ తప్పనిసరి. యంత్రం ఒరిగితే దూకాలనిపించడం సహజం, కానీ దూకినవాడి మీదే క్యాబిన్ పడుతుంది. బెల్ట్‌తోనే ఉండి, గట్టిగా పట్టుకుని, ఒరిగే వైపుకు వ్యతిరేకంగా వాలాలి. ఏసీ పనిచేయని క్యాబిన్‌లో ఆగస్టు ఎండకు మనిషి తలుపు తీసి, బెల్ట్ విప్పి కూర్చుంటాడు. కాబట్టి ఏసీ రిపేరు విలాసం కాదు.

రోజూ చూడవలసినవి, మెయింటెనెన్స్

షిఫ్టు మొదట్లో పది నిమిషాలు చాలు:

- టైర్లు, వీల్ నట్లు, గాలి.
- ఫోర్కులకు పగుళ్ళు, వంపు. ఫోర్క్ మడమ దగ్గర మందం 10 శాతం అరిగితే దాని సామర్థ్యం దాదాపు 20 శాతం పోతుంది. అక్కడితో దాన్ని తీసేయాలి, వెల్డింగ్ చేసి వాడకూడదు.
- అటాచ్‌మెంట్ లాక్ పిన్ను పూర్తిగా కూర్చుందా?
- బ్రేకులు, పార్కింగ్ బ్రేక్, స్టీరింగ్, హారన్, రివర్స్ అలారం.
- ఇంజన్ ఆయిల్, కూలెంట్, హైడ్రాలిక్ ఆయిల్.
- లోడ్ ఇండికేటర్ సెల్ఫ్ టెస్ట్. క్యాబిన్‌లో చార్ట్ చదవగలిగేలా ఉందా?

హైడ్రాలిక్ హోస్ సన్నగా కారుతుంటే చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే వేలో చెయ్యో పోవచ్చు. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి.

ఎడారి ధూళిలో ఎయిర్ ఫిల్టర్, రేడియేటర్ త్వరగా మూసుకుపోతాయి. సర్వీసు గంటలు మాన్యువల్‌లో మామూలు పరిస్థితులకు రాసినవి, దుమ్ములో అంతకంటే ముందే చేయాలి. బూమ్ సెక్షన్ల మధ్య వేర్ ప్యాడ్లను, బూమ్‌ను లోపలికీ బయటికీ లాగే చైన్లను సర్వీసులో కొలిచి చూడాలి. చైన్ సాగుడు సాధారణంగా 3 శాతానికి చేరితే మార్చేస్తారు. ఎత్తిన బూమ్ కింద పనిచేయాలంటే బూమ్ స్టే పెట్టి, ఇంజన్ ఆపి, తాళంచెవి మెకానిక్ జేబులో ఉండాలి.

శిక్షణ, చట్టం

అమెరికాలో ఓషా 1910.178 నిబంధన ప్రకారం ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చి పరీక్షించడం యజమాని బాధ్యత. కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ పని తీరు పరిశీలించాలి. ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా, వేరే రకం యంత్రం ఇచ్చినా తిరిగి శిక్షణ ఇవ్వాలి. బ్రిటన్‌లో 1998 నాటి లోలర్ నిబంధనల ప్రకారం ఎత్తే యంత్రాలను సమర్థుడైన వ్యక్తి సాధారణంగా 12 నెలలకోసారి, మనుషులను ఎత్తేవాటిని 6 నెలలకోసారి క్షుణ్ణంగా తనిఖీ చేయాలి. గల్ఫ్‌లో పెద్ద ప్రాజెక్టుల్లో యంత్రానికీ, ఆపరేటర్‌కీ విడివిడిగా థర్డ్ పార్టీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఒక్క జాగ్రత్త: గోడౌన్ ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన టెలీహ్యాండ్లర్ వచ్చినట్టు కాదు.

మన వంతు

ఆలోచించి చూడండి. బరువెంతో, ఎంత ఎత్తుకో, యంత్రం ఎక్కడ నిలబడాలో, ఎప్పటిలోగా కావాలో నిర్ణయించేది ఆఫీసులో కూర్చున్న మనం. ఆపరేటర్ చేతిలో ఉన్నవి లీవర్లు మాత్రమే. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చినవాడు "ఇది కుదరదు సార్" అనడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. అతను వచ్చి నేల చూడమని అడిగాడంటే అప్పటికే ఎంతో ధైర్యం చేశాడన్నమాట.

అందుకని నేను మూడు అలవాట్లు చేసుకున్నాను. లిఫ్ట్‌కు ముందు బరువు, ఎత్తు, దూరం కాగితం మీద రాసి ఆపరేటర్‌తో కలిసి చార్టులో చూస్తాను. యంత్రం నిలబడే చోటికి స్వయంగా నడిచి వెళ్తాను. పైన రాసిన రోజువారీ తనిఖీలను ఒక పేజీలో తెలుగులోనూ, హిందీలోనూ రాయించి క్యాబిన్‌లో అతికిస్తాను. ఇంగ్లీషు మాన్యువల్ చదవలేకపోవడం ఎవరి ప్రాణానికీ ముప్పు కాకూడదు.

ఆ అన్నతో తర్వాత రెండేళ్ళు పనిచేశాను. "నేల చూస్తరా సార్" అని ఇంకా చాలాసార్లు పిలిచాడు. చాలామటుకు నేల బాగానే ఉండేది. పిలిచిన ప్రతిసారీ మాత్రం వెళ్ళాను.